సైకిలు త్రొక్కు సోదరీమణులకు – బలమును విశ్రాంతియు

మా ఆడుబిడ్డ కుమార్తె హైదరాబాదున నుద్యోగము చేయుచున్నది. ఆ నగరమున వెలుపలి వలయ రహదారి ప్రక్కన, పైన సౌరఫలకముల నీడతో, 23 కిలోమీటర్ల సైకిలుబాట యొకటి 2023లో తెఱవబడినది. ఆ బాట పుణ్యమా యని చిన్నదానికి సైకిలుపై మక్కువ కలిగెను. మొదట శనివారములు మాత్రము త్రొక్కెడిది. పిదప 200 కిలోమీటర్ల దూరమును 13½ గంటలలో ముగింపవలసిన ‘బ్రెవే’ యను యాత్రకు పోవలయునని సంకల్పించినది. అది పందెము గాదు. ముందు వచ్చినవారికి బహుమానము లేదు. గడువులోగా చేరుటయే గొప్ప.

గడచిన దసరాకు ముందటి దసరాకు ఆమె మా యింటికి వచ్చినప్పుడు చూచి మేము దిగులుపడితిమి. కన్నులు లోతుకు పోయినవి. మేడమెట్ల నడుమ నిలిచి యూపిరి తీసికొనుచున్నది. ఏమమ్మా యని యడుగగా, ప్రతి యుదయమును సైకిలు, ప్రతి సాయంకాలమును వ్యాయామశాలలో బరువులు, దేహము తేలికయైన వేగము హెచ్చునని రాత్రి భోజనము మానుట – ఇది తన దినచర్య యని చెప్పినది. “ఒక్కనాడు మానినను వెనుకబడిపోదునని భయము, అత్తయ్యా” అన్నది. మా అత్తగారు, ఆడుది పగలు నడుము వాల్చుట సోమరితనమని నమ్మిన తరమువారు గనుక, “పిల్ల చురుకుగా నున్నది, పోనిండు” అనిరి. ఆ రాత్రి మేమిద్దరమే యున్నప్పుడు, నాలుగు నెలలుగా బహిష్టు కాలేదనియు, పీడ వదలినదని తాను సంతోషించితిననియు ఆ పిల్ల మెల్లగా చెప్పినది. మాకు మాత్రము నిద్రపట్టలేదు.

మఱునాడే వైద్యురాలి కడకు తీసికొని పోతిమి. ఆమె తక్కిన కారణములు లేవని పరీక్షలవలన తేల్చుకొని, చేయు శ్రమకు తగిన యాహారము లేకపోవుటయే మూలమని చెప్పెను. శక్తి చాలనప్పుడు దేహము, ప్రాణరక్షణకు వెంటనే యక్కఱలేని పనులను ముందుగా నిలిపివేయునట. ఋతుక్రమ మట్టి వానిలో నొకటి. ఋతువు నిలిచినప్పుడు ఎముకలును పలుచబడును. క్రీడలయందు కలుగు నీ శక్తిలోపమునకు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు 2014లో ప్రత్యేకముగా పేరు పెట్టి, ఇది పురుషులకును గలుగునని హెచ్చరించిరి.

బరువు లెత్తుట మానుమని మాత్రము వైద్యురాలు చెప్పలేదు. ఇది మాకు వింతగా తోచినది. సైకిలుమీద కూర్చున్నవారి దేహభారమును జీను మోయును గాని కాళ్ల యెముకలు మోయవు. నడకవలనను గెంతుటవలనను ఎముకకు కలుగు నొత్తిడి సైకిలువలన కలుగదు. కావున గుండెకును ఊపిరితిత్తులకును ఎంత మేలైనను, సైకి లొక్కటియే యెముకను గట్టిపఱుపజాలదు. బరువు లెత్తుట ఆ లోటును పూరించును. తొడలకును పిఱుదులకును వెన్నునకును బలమిచ్చి, గంటలకొలది వంగి కూర్చుండు నోపిక నొసగును. తప్పు బరువులలో లేదు, ఎడము లేకపోవుటలో నున్నది.

బరు వెత్తునప్పుడు కండ బలపడదు. అప్పు డది యలయును, సూక్ష్మముగా దెబ్బతినును. బలపడుట తరువాత, తిని నిద్రించినప్పుడు జరుగును. ఆ మరమ్మతు పని ఒకటి రెండు దినములు సాగును గనుక, అవే కండరములకు మఱల గట్టిపని చెప్పుటకు ముందు 48 గంటల యెడ ముంచుట మేలు. ఎడము లేనిచో గోడ తడి యారకమున్నే పైవరుస పేర్చినట్లగును. నార్వే దేశమున రోన్నెస్టాడ్ మొదలగు పరిశోధకులు 2010లో ప్రకటించినది వినుడు. ఆఱితేరిన సైకిలువారు 12 వారములు వారమునకు రెండుమాఱులు భారమైన బరువులతో సాధనచేసి, పిదప పందెముల కాలమున 13 వారములు వారమున కొక్కమాఱే చేసినను, సంపాదించిన బలము నిలిచియున్నదట. మా పిల్లయో వారమునకు ఆఱుమాఱులు! వాగ్భటుడు తన అష్టాంగహృదయమున, బలవంతులు సైతము తమ శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెనని చెప్పియున్నాడు. నేటి శిక్షకులు సగ మనరు గాని, బరు వెత్తునప్పుడు ఇంక రెండుమాఱులు ఎత్తగలమని తోచగనే యాపుమందురు.

మేమును ముప్పదియైదవ యేట సైకిలు నేర్చి, పొరుగింటి యిల్లాలితో గూడ తెల్లవాఱుజామున త్రొక్కుచున్నాము. మాకు వ్యాయామశాల లేదు. బస్కీలు తీయుదుము, పది కిలోల బియ్యపు సంచిని వెన్ను నిటారుగా నుంచి నేలనుండి యెత్తుదుము, అరుగుమీదికి ఒక కాలితో నెక్కి దిగుదుము, వెల్లకిల పండుకొని మోకాళ్లు మడచి నడుము పైకెత్తుదుము. అరగంటలో ముగియును. పని సులభమైన కొలది సంచి బరువు కొంచెము కొంచెముగా పెంచుదుము.

ఇక వారపు లెక్క. శనివారము దూరయాత్ర, ఆదివారము విశ్రాంతి యని పుస్తకములలో నుండును. ఆ పుస్తకములు వ్రాసినవారి యిండ్లలో ఆదివారపు వంట యెవరు చేయుదురో! మన కది వారములోనెల్ల బరువైన దినము. నాలుగు గంటలు పొయ్యియొద్ద నిలిచి, బకెట్లతో తడిబట్టలు మేడపైకి మోసి, ఇరువది లీటర్ల నీళ్లడబ్బా దింపి, “నేడు విశ్రాంతి తీసికొంటిమి” అనుకొనుట ఆత్మవంచన. దేహము సైకిలు శ్రమ, ఇంటిశ్రమ యని వేఱువేఱు ఖాతాలు వ్రాసికొనదు. కావున మేము దూరయాత్రను ఆదివారపు తెల్లవాఱుజామునకే మార్చి, సోమవారమును విశ్రాంతిదినముగా నేర్పఱచుకొంటిమి. మంగళ, గురువారములు బరువులు. బుధ, శనివారములు తేలికగా అరగంట త్రొక్కుట – ప్రక్కవారితో మాటలాడగలిగినంత నెమ్మదిగా. శుక్రవార మేమియు లేదు. ఒకేనాడు రెండును తప్పనిచో ఉదయము సైకిలు, సాయంకాలము బరువులు. నీళ్లడబ్బా సంగతి మా వారితో చెప్పితిమి. బడిపిల్లలకు భారకేంద్రమును గూర్చి బోధించువారు గనుక దానిని మోయుటకు సమ్మతించిరి.

ఆహారమున మన యలవాటే మనకు శత్రువు. కడపట భుజించు వారికి గిన్నె యడుగున పప్పు మిగులదు, చారు మిగులును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి 2020 నాటి లెక్క ప్రకారము పెద్దలకు కిలో దేహభారమునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు వలయును. బరువులతో సాధనచేయువారికి 1.2 మొదలు 1.6 గ్రాముల వఱకు మేలందురు. అనగా 55 కిలోల స్త్రీకి 66 మొదలు 88 గ్రాములు. నూఱు గ్రాముల కందిపప్పున సుమారు 22, గ్రుడ్డున 6, గ్లాసెడు పాలలో 6 గ్రాము లుండును. లెక్క మీరే వేసికొనుడు. అన్నమునకు భయపడి మానరాదు. త్రొక్కుటకు కావలసిన యింధనము కండలలో నిండునది దానివలననే. ఇనుము పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాములు చాలగా స్త్రీకి 29 వలయును. భోజనమునకు గంట ముందును గంట తరువాతను టీ, కాఫీలు త్రాగకున్న ఆ యినుము వంటబట్టును. (ఈ యొక్క నియమమును పాటించుట మాకు బస్కీలకంటె కష్టమైనది.)

అలసట మితి మీఱినదని తెలియుటకు యంత్ర మక్కఱలేదు. మేల్కొనగనే, పక్కమీదనుండి లేవకమున్నే, నాడిని ఒక నిమిషము లెక్కించి వంటింటి క్యాలెండరుమీద వ్రాయుడు. కొన్నిదినములు వరుసగా మీ మామూలు సంఖ్యకంటె హెచ్చుగా నున్నను, నిద్ర చెడినను, నిన్నటి మిట్ట నేడు కొండవలె తోచినను, చిన్నమాటకు పిల్లలపై కసరుకొనుచున్నను, ఒకటి రెండు దినములు ఆగుడు. కండ నొప్పియైన రెండుమూడు దినములలో తగ్గును; మోకాటి కీలులో పోటు నిలిచియున్న వైద్యునకు చూపుడు. ఋతుక్రమము తప్పిన నది చురుకుదనమునకు గుఱుతు కాదు, ఆలస్యము చేయకుడు.

మా పిల్ల ఆ యేడు యాత్ర మానుకొన్నది. ఏడ్చినది కూడ. వైద్యురాలు చెప్పినట్లు రాత్రి భోజనము మొదలుపెట్టి, బరువులు వారమునకు రెండుమాఱులకు తగ్గించినది. అయిదవ నెలలో బహిష్టు అయినది. ఆ వార్తను ఫోనులో పండుగ కబురువలె చెప్పినది. మఱుసటి చలికాలమున 200 కిలోమీటర్లును ఇరువది నిమిషములు మిగులగనే ముగించినది. ఆ దినమున మేమును మా అత్తగారును హైదరాబాదుననే యుంటిమి. మఱునాడు పొద్దెక్కి పది దాటినను పిల్ల లేవలేదు. చూడవచ్చిన చుట్టాలు లేపుమనగా, మా అత్తగారు గదితలుపు దగ్గఱగా వేసి, దానికెదురుగా కుర్చీ వేసికొని కూర్చుండిరి.