కోచ్ కుర్చీ, ఓనరు మొండిపట్టు: అపోహలు – వాస్తవాలు

కృష్ణా కరకట్టను ఆనుకున్న తోట్లవల్లూరు, రొయ్యూరు, ఐలూరు ఊళ్ళలో నలుగురు చేరితే పసుపు ధర, అరటి గెల, ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోయే చెరకు గురించే మాటలు. ఆటంటే క్రికెట్టు, వాలీబాల్, పండగలకు కబడ్డీ. అయినా ఫోన్లో ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్ళు ఇక్కడా తయారయ్యారు. అభిమాన జట్టు రాత్రి ఓడిందంటే తెల్లారి టీ కొట్టు దగ్గర పంచాయితీయే. "బావా, ఈ కోచ్‌ని పీకేస్తే గానీ బాగుపడదు." "ఆ ఓనరు మొండోడురా, చచ్చినా పీకడు." ఈ రెండు మాటలు తిప్పితిప్పి గంట లాగేస్తారు.

దీనికోసం ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. తెలుగువాళ్ళ యాజమాన్యంలో, తెలుగు నగరం పేరుతో ఒక క్లబ్బు పుట్టి, కప్పు గెలిచి, కూలిపోయి, చివరికి ఊరే ఖాళీ చేసి వెళ్ళిపోయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ. ఈ ఆరేళ్ళ కథ తెలిస్తే టీ కొట్టు వాదనలో సగం మాటలు నిలబడవు.

అపోహ: జట్టు వరసగా ఓడుతోందంటే తప్పు కోచ్‌దే.

ఇండియన్ సూపర్ లీగ్‌లో పుణె క్లబ్బు మూతపడ్డాక దాని స్థానంలో 2019 ఆగస్టు ఆఖర్లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. ఓనర్లు వరుణ్ త్రిపురనేని, విజయ్ మద్దూరి. నటుడు రానా దగ్గుబాటి కూడా తర్వాత సహ యజమానిగా చేరాడు. మొదటి మ్యాచ్ అక్టోబరు 25న, కోల్‌కతాలో. అంటే పేరు పెట్టిన రెండు నెలలైనా నిండకుండానే జట్టు బరిలో దిగింది. 5–0తో ఓడింది.

అప్పటి కోచ్ ఇంగ్లండుకు చెందిన ఫిల్ బ్రౌన్. 2008లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌లోకి తెచ్చిన మనిషి. అదే ఏడాది డిసెంబరులో మాంచెస్టర్ సిటీ మీద సగం ఆటకే జట్టు చిత్తుగా వెనకబడితే, డ్రెస్సింగ్ రూముకి కూడా తీసుకెళ్ళకుండా ఆటగాళ్ళని మైదానంలోనే కూచోబెట్టి అందరి ముందూ క్లాసు పీకి ప్రపంచానికంతా తెలిసిపోయాడు. హైదరాబాదులో 12 మ్యాచ్‌లకు ఒక్కటే గెలిచాడు. 2020 జనవరిలో సాగనంపారు. రెడీమేడ్‌గా పక్క ఊరి ఆటగాళ్ళని తెచ్చి, సన్నాహానికి వ్యవధి లేకుండా దింపిన జట్టుకు ఆ స్థితిలో ఏ కోచ్ వచ్చినా గెలుపులు కురిపించేవాడా? నాకైతే అనుమానమే.

క్రికెట్ తెలిసినవాళ్ళు సన్‌రైజర్స్ హైదరాబాద్ లెక్క చూసుకోండి. 2021లో ట్రెవర్ బేలిస్ కింద అట్టడుగు. 2022లో టామ్ మూడీ తిరిగొచ్చాడు, ఎనిమిదో స్థానం. 2023లో బ్రయన్ లారా, మళ్ళీ అట్టడుగు. 2024లో డేనియల్ వెటోరి వచ్చాడు, ఫైనల్! వెటోరి గొప్పోడే, కాదనను. కానీ ఆ సీజన్ కోసం జరిగిన వేలంలో ప్యాట్ కమిన్స్ కోసం ఓనరు 20.50 కోట్లు కుమ్మరించిన సంగతీ, ట్రావిస్ హెడ్‌ని కొన్న సంగతీ మరిచిపోయి క్రెడిట్ అంతా కోచ్ జేబులో వేస్తే ఎలా?

అపోహ: కోచ్‌ని మార్చగానే జట్టు గాడిలో పడుతుంది.

పడినట్టు కనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఫిల్ బ్రౌన్ ఉన్న 12 మ్యాచ్‌లలో 5 పాయింట్లు. ఆయన పోయాక మిగిలిన 6 మ్యాచ్‌లలోనూ 5 పాయింట్లే. మ్యాచ్‌కి ఎన్ని అని లెక్కేస్తే రెట్టింపు! నార్త్ఈస్ట్ మీద 5–1 గెలుపు కూడా ఉంది. "చూశావా, పీకేశాక మారిపోయింది" అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆ సీజన్ అయ్యేసరికి హైదరాబాద్ మొత్తం 10 పాయింట్లతో పదో స్థానంలో, పది జట్ల పట్టికలో అట్టడుగునే ఉంది.

బాస్ టర్ వేల్ అనే డచ్ ఆర్థికవేత్త ఈ విషయాన్నే పట్టుకున్నాడు. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకూ జరిగిన కోచ్ మార్పులన్నీ పరిశీలించాడు. కోచ్‌ని తీసేసిన జట్లు తర్వాత కోలుకున్న మాట నిజమే. అయితే అంతే ఘోరంగా ఓడుతూ కూడా కోచ్‌ని కదపని జట్లను వాటి పక్కన పెట్టి పోల్చి చూస్తే, అవీ దాదాపు అలాగే కోలుకున్నాయి. అట్టడుగుకు పోయినవాడికి పైకి రావడం తప్ప వేరే దారి లేదు మరి. తీసేసేది కూడా సరిగ్గా ఆ అట్టడుగు రోజునే కాబట్టి పేరు కొత్త కోచ్‌కి దక్కుతుంది. జర్మన్ లీగ్ 46 ఏళ్ళ లెక్కలు తీసి 2011లో మరికొందరు పరిశోధకులు చేసిన పనిలోనూ, సీజన్ మధ్యలో కోచ్‌ని మార్చినందువల్ల ఒరిగిందేమీ లేదనే తేలింది.

ఇది సగటు లెక్క. విడిగా చూస్తే మార్పు ఫలించిన జట్లూ ఉంటాయి. 2016లో లెస్టర్‌కి ప్రీమియర్ లీగ్ టైటిల్ తెచ్చిన క్లాడియో రనియెరీని తొమ్మిది నెలలకే తీసేస్తే, తర్వాత వచ్చిన క్రెయిగ్ షేక్‌స్పియర్ వరసగా మొదటి ఐదు లీగ్ మ్యాచ్‌లూ గెలిచాడు. ఆయన్నీ 2017 అక్టోబరులో పంపేశారు.

అపోహ: మొండి ఓనరంటే కోచ్‌ని తియ్యనివాడు.

తీసేసేవాడిలోనూ మొండితనం ఉంటుంది. వేల్స్‌లోని కార్డిఫ్ సిటీని కొన్న మలేసియా కుబేరుడు విన్సెంట్ టాన్ 2012లో ఆ జట్టు నీలం చొక్కాలను ఎరుపు చేశాడు, ఎరుపు కలిసొస్తుందని. తరాలుగా వాళ్ళు 'బ్లూబర్డ్స్'. అభిమానులు గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడాది కోచ్ మాల్కీ మెకే జట్టును ప్రీమియర్ లీగ్‌కి చేర్చాడు. జనం నెత్తిన పెట్టుకున్న ఆ కోచ్‌ని 2013 డిసెంబరులో టాన్ ఇంటికి పంపాడు. ఆ సీజన్ చివర్లో జట్టు కిందికి జారిపోయింది. నీలం రంగు మాత్రం 2015 జనవరిలో తిరిగొచ్చింది. గొడవ పడి పడి అభిమానులు రంగును దక్కించుకున్నారు గానీ కోచ్‌ని దక్కించుకోలేకపోయారు. అభిమానుల అరుపుకు విలువే లేదనేవాళ్ళూ, అదే అంతా నడిపిస్తుందనేవాళ్ళూ, ఇద్దరూ ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ఇక తియ్యకపోవడం సంగతి. అది చాలాసార్లు మొండితనం కాదు, కాంట్రాక్టు కాగితం. మన జాతీయ ఫుట్‌బాల్ జట్టు మాజీ కోచ్ ఇగోర్ స్టిమాచ్ సంగతే చూడండి. 2023 అక్టోబరులో ఆయన కాంట్రాక్టును 2026 దాకా పొడిగించారు. 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో 2–1తో ఓడినప్పుడే దేశమంతా "తీసెయ్యండి" అంది. ఫుట్‌బాల్ సమాఖ్య తియ్యలేదు. జూన్‌లో ఖతర్‌తో ఓడి ప్రపంచకప్ అర్హత పోటీ నుంచి బయటపడ్డాక తీసేసింది. ఆయన ఫిఫాకి వెళ్తానన్నాడు. చివరికి 4 లక్షల డాలర్లిచ్చి సర్దుబాటు చేసుకున్నారు. మన డబ్బులో మూడు కోట్ల పైమాటే. కోచ్‌ని తియ్యమనేది అభిమాని, చెక్కు మీద సంతకం పెట్టేది ఇంకొకరు.

ఓనరు పేపర్లో "కోచ్ మీద మాకు పూర్తి నమ్మకముంది" అన్నాడంటే గండం గడిచినట్టు కాదు.  అది ఆ వారం మాట.

అపోహ: ఓపిక పడితే ఏ కోచ్ అయినా ఫలితం చూపిస్తాడు.

ఈ మాటకు మన దగ్గర దొరికే గొప్ప సాక్షి సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు బడిపంతులు. ఆయన నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. ఇప్పుడైతే విమానం దిగకముందే ఉద్యోగం ఊడేది! అప్పుడు ఊడలేదు. 1956 మెల్‌బోర్న్‌లో అదే రహీం జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారం తెచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో పోయారు.

అయితే ఆ పది గోల్స్ తర్వాత రహీం చేతులు కట్టుకు కూచోలేదు. 1952లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు, ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆట వ్యూహమూ మారింది. ఆయన్ని నిలబెట్టింది ఒక్క ఓపికే అనుకుంటే ఆ పంతులు చేసిన పనిని తక్కువ చేసినట్టే.

ఓపిక వాదులు ఎప్పుడూ చూపించే ఇంకో పేరు అలెక్స్ ఫెర్గూసన్. మాంచెస్టర్ యునైటెడ్‌కి 1986 నవంబరులో వచ్చాడు, 1989–90లో లీగ్‌లో పదమూడో స్థానం, అయినా ఉంచారు, 1993లో టైటిల్. నిజమే. కానీ ఓపిక పట్టినా బాగుపడని కోచ్‌ల పేర్లు ఎవరికీ గుర్తుండవు, అందుకే ఉదాహరణలన్నీ ఓపిక వైపే కనిపిస్తాయి. ఓపికే లేని చెల్సీ ఓనరు రోమన్ అబ్రమోవిచ్ సంగతి? 2012 మేలో చాంపియన్స్ లీగ్ తెచ్చిన రాబర్టో డి మాటియోను ఆరు నెలలకే పీకేశాడు. అయినా ఆయన ఓనరుగా ఉన్న 19 ఏళ్ళలో చెల్సీ గెలిచిన ట్రోఫీలు 21. డబ్బు ఆగకుండా పారితే కోచ్‌లు మారినా కప్పులు వస్తాయి.

అపోహ: మంచి కోచ్ ఎక్కడైనా మంచి కోచే.

2020 ఆగస్టులో హైదరాబాద్‌కి స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. అసలు అనుకున్న కోచ్ ఆల్బర్ట్ రోకా బార్సిలోనా పిలిస్తే వెళ్ళిపోవడంతో హడావుడిగా దొరికినవాడు. మొదటి సీజన్లో 20 మ్యాచ్‌లలో 11 డ్రాలు, ఐదో స్థానం. ప్లేఆఫ్ అందలేదు. ఓనర్లు అతన్ని కదపలేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1–1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ చాంపియన్. ఆ సీజన్లో బార్తొలొమ్యూ ఒగ్బెచె గోల్స్ 18. తర్వాతి సీజన్లో 42 పాయింట్లతో లీగ్ పట్టికలో రెండో స్థానం.

అదే మనోలో 2024లో భారత జట్టు కోచ్ అయ్యాడు. మొదటి మ్యాచ్ సెప్టెంబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడే గచ్చిబౌలి మైదానంలోనే, మారిషస్‌తో. గోల్ లేదు. తర్వాత సిరియా చేతిలో 3–0 ఓటమి. మొత్తం 8 మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటి, మాల్దీవుల మీద. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో ఓడాక జులైలో తప్పుకున్నాడు. అదే ఏడాది మేలో తన క్లబ్ జట్టు ఎఫ్‌సీ గోవాకి సూపర్ కప్ గెలిపించాడు! ఒకే మనిషి, ఒకే ఏడాది. క్లబ్బులో రోజూ ఆటగాళ్ళు చేతిలో ఉంటారు, దేశం జట్టుకు కొన్ని రోజులే దొరుకుతారు. ఒగ్బెచె లాంటి విదేశీ స్ట్రైకర్ అసలే ఉండడు.

అపోహ: చర్చ కోచ్ ఉండాలా పోవాలా అన్నదే.

మనోలో గోవా వెళ్ళిపోయాక 2023–24లో హైదరాబాద్ పగ్గాలు ఐర్లండ్‌కి చెందిన కానర్ నెస్టర్ చేతికొచ్చాయి. అప్పటికే జీతాల బకాయిల గొడవ బజారున పడింది. ఫిఫా కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా నిషేధం పెట్టింది. విదేశీయుల్లో ఎక్కువమంది సీజన్ మధ్యలోనే వెళ్ళిపోయారు. జనవరిలో మహమ్మద్ యాసిర్ గోవాకి, నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా సింగ్ బెంగళూరుకి చేరారు. కోచ్ నెస్టర్ కూడా వెళ్ళిపోయాడు. మనోలో పక్కన సహాయకుడిగా పనిచేసిన తాంగ్‌బోయ్ సింగ్టో, మిగిలిన కుర్రాళ్ళతో సీజన్ నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌లు, ఒక గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు. రెండేళ్ళ కిందట చాంపియన్.

తల దగ్గర తూము దించేసి, కాలువ చివర చేలు ఎండుతుంటే లస్కరును పట్టుకుని తిట్టినట్టుంటుంది అప్పుడు సింగ్టోని తిట్టడం.

2024లో యాజమాన్యం బి.సి. జిందాల్ గ్రూపుకి మారింది. కొత్త సీజన్ సగంలో, డిసెంబరులో, సింగ్టో వెళ్ళిపోయాడు. శమీల్ చెంబకత్ వచ్చాడు. 24 మ్యాచ్‌లకు 18 పాయింట్లు, పదమూడు జట్లలో పన్నెండో స్థానం. ఐదేళ్ళు దాటిన ఆ ప్రయాణంలో కోచ్ మారినప్పుడల్లా అభిమానులు నెలల తరబడి వాదించుకున్నారు. ఓనర్లు మారినప్పుడు జరిగిన చర్చ అందులో పదో వంతు లేదు.

2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి మకాం మార్చి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గచ్చిబౌలిలో ఇప్పుడు ఆ జట్టే లేదు, కోచ్ లేడు, ఓనరూ లేడు. కాబట్టి తమ్ముళ్ళూ, మీరు ఏ జట్టు అభిమానులైనా సరే, "కోచ్ ఉంటాడా, పోతాడా" అని పందెం కాసే ముందు ఆ క్లబ్బులో ఆటగాళ్ళకు, మాలీకి, ఫిజియోకి నెల జీతం పడుతోందో లేదో కనుక్కోండి. పడకపోతే మీ గొంతు కోచ్ ఇంటి ముందు కాదు, ఓనరు ఆఫీసు ముందు వినిపించాలి.