పర్యాటక వీసా: బయలుదేరుటకు ముందా? దిగిన పిదపనా?

ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చిన పారసీక పదాలలో "రహదారి" ఒకటి. పెద్ద బాట అనే అర్థమే నేడు మనకు పరిచితం. కాని పూర్వం ఒక సీమ నుండి మరొక సీమకు పోవుటకు అధికారులు ఇచ్చే అనుమతి పత్రాన్ని కూడ రహదారి అనేవారు. నేటి వీసా ఆ పాత రహదారికి వారసురాలని చెప్పవచ్చును. లాటిన్ భాషలో వీసా అనగా "చూడబడినది" అని అర్థం. అనగా, మీ పత్రాన్ని ఆ దేశపు అధికారి చూచి సమ్మతించినాడని భావం.

పాస్‌పోర్టుకు, వీసాకు గల భేదాన్ని ముందుగా గ్రహించవలెను. పాస్‌పోర్టును మన ప్రభుత్వం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం ఇస్తుంది. ఈ వ్యక్తి మా పౌరుడు అని అది సాక్ష్యమిస్తుంది. వీసాను మనం పోదలచిన దేశం ఇస్తుంది. మొదటిది మన ఇంటి చిరునామా వంటిదైతే, రెండవది ఎదుటివారి ఇంటి ఆహ్వానం వంటిది. పొరుగున ఉన్న నేపాల్, భూటాన్ దేశాలకు పోయే భారతీయులకు వీసా అవసరం లేదు. తక్కిన దేశాలలో పెక్కింటికి ఏదో ఒక రూపమున అనుమతి కావలెను.

ఈ అనుమతిని పొందే పద్ధతులు ముఖ్యముగా మూడు.

మొదటిది, బయలుదేరక ముందే రాయబార కార్యాలయం ద్వారా పొందే వీసా. ఐరోపాలోని షెంజెన్ దేశాలు దీనికి మంచి ఉదాహరణ. లక్సెంబర్గ్‌లోని షెంజెన్ గ్రామమున 1985లో కుదిరిన ఒడంబడికతో ఈ వ్యవస్థ మొదలైనది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చును; కనీసం 15 దినాల ముందైనా చేయవలెను. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా చూపవలెను. ఏ 180 దినాలలోనైనా 90 దినాలకు మించి అక్కడ ఉండరాదు. అమెరికా విషయమున ప్రత్యక్ష సంభాషణ సాధారణముగా తప్పదు. 2008లో హైదరాబాదులోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ ప్రారంభమగుటకు పూర్వం మనవారు చెన్నై వరకు పోవలసి వచ్చేది. 2023లో అది నానక్‌రామ్‌గూడకు మారినది. అమెరికా చట్టం దరఖాస్తుదారుడు అక్కడే స్థిరపడదలచినాడని ముందుగానే భావిస్తుంది. తిరిగి వస్తానని నిరూపించుకొనే భారం అతనిదే. కావున చదువు, ఉద్యోగం, కుటుంబం మొదలగు బంధాలను గూర్చి సత్యమును సూటిగా చెప్పుటయే మేలు.

రెండవది, దిగిన పిదప విమానాశ్రయమున పొందే వీసా. మాల్దీవులు దాదాపు అన్ని దేశాల పర్యాటకులకు 30 దినాల వీసాను రుసుము లేకుండ ఇస్తాయి. ఇండోనేషియా రుసుము తీసికొని 30 దినాలకు ఇస్తుంది. దానిని మరొక 30 దినాలు ఒక మారు పొడిగించుకొనవచ్చును. అయితే "దిగిన పిదప" అనగా పత్రాలు లేకుండ పోవచ్చునని అర్థం కాదు. తిరుగు ప్రయాణపు టికెట్టు, బస ఏర్పాటు, వ్యయానికి తగిన ధనం చూపవలెను. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండవలెనని పెక్కు దేశాలు కోరుతాయి. ఇవి లేనియెడల విమాన సంస్థ వారే హైదరాబాదులో మనలను విమానం ఎక్కనీయరు.

మూడవది, ఈ రెంటికి నడిమి మార్గం. ఇంటి నుండియే కంప్యూటరు ద్వారా దరఖాస్తు చేసికొని అనుమతి పొందుట. శ్రీలంక 2012లోను, మన దేశం విదేశీయుల కొరకు 2014లోను ఇట్టి పద్ధతిని ప్రవేశపెట్టినవి.

ఏ పద్ధతిలో పొందినను వీసా ప్రవేశానికి పూర్తి హామీ కాదు. సరిహద్దున ఉన్న అధికారికి ప్రశ్నించే హక్కు, త్రిప్పి పంపే హక్కు కూడ కలవు. వీసా యే ప్రయోజనానికి ఇవ్వబడినదో దానికే చెల్లుతుంది. సౌదీ అరేబియా 2019లో పర్యాటక వీసాలను ప్రారంభించినది. వానిపై ఉమ్రా చేయవచ్చును గాని హజ్ చేయరాదు.

ఇక మన ప్రాంతానికి మిక్కిలి ముఖ్యమైన విషయం. హైదరాబాదు, కరీంనగర్, నిజామాబాదు, కడప ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు పోయేవారు పెక్కుమంది. "ముందు విజిట్ వీసా మీద పొండి, అక్కడ దానిని ఉద్యోగ వీసాగా మార్పిస్తాము" అని చెప్పే ఏజెంట్లు కలరు. పర్యాటక వీసాపై పని చేయుట ఆ దేశాలలో నేరం. జీతం ఎగగొట్టినను ఫిర్యాదు చేయుటకు చేతిలో ఒప్పంద పత్రం ఉండదు. గడువు దాటిన ప్రతి దినానికి జరిమానా పెరుగుతూ పోవచ్చును. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికై పోవలెనన్న, 1983 నాటి వలసల చట్టం ప్రకారం వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. ఆ అనుమతితో పాటు పది లక్షల రూపాయల బీమా రక్షణ కూడ లభిస్తుంది. విజిట్ వీసాపై పోయినవాడు ఈ రక్షణలన్నింటిని ఇంటి గడప వద్దనే వదలి పోతున్నాడు.

కళాశాల విద్యార్థులకు ఈ అనుమతి నిబంధన వర్తించదు. అనగా వారిని ఆపి ప్రశ్నించే అధికారి లేడు. తమ జాగ్రత్త తామే వహించవలెను. అంతేగాక, ఎన్నో కుటుంబాలలో వీసా కాగితాన్ని చదువగలిగినవారు ఆ ఇంటి విద్యార్థులే. అన్నయో మామయో ప్రయాణమగునపుడు ఆ కాగితాన్ని అడిగి తీసికొని వీసా తరగతి ఏది, గడువు ఎంత, పనికి అనుమతి కలదా లేదా అను మూడు విషయాలు చదివి వినిపించండి. ఏజెంటుకు ప్రభుత్వ నమోదు కలదో లేదో విచారించండి. అప్పు చేసి సొమ్ము కట్టిన పిదప తెలిసికొనుట కన్న కట్టక ముందే తెలిసికొనుట ఆ కుటుంబాన్ని కాపాడుతుంది.