గాలి తీస్తే కదిలే లారీ

అమెరికా సైన్యం వదిలించుకున్న ఎం35 లారీని వేలంలో కొనుక్కున్నవాళ్లలో చాలామంది ఇంజన్ కంటే ముందు టైర్ల వంక చూస్తారు. ముందు రెండు, వెనక రెండు ఇరుసుల మీద జంటలు జంటలుగా ఎనిమిది, మొత్తం పది. అన్నీ 9.00-20 సైజు. మన టాటా, లేలాండ్ లారీల మీద ఏళ్ల తరబడి చూసిన సైజే అది. మూడు ఇరుసులకూ ఇంజన్ బలం అందే అంత మొనగాడి బండికి ఈ సన్న టైర్లేమిటి అనిపిస్తుంది. పెద్దవి వేసి అడవిలోకో ఇసుకలోకో తోలాలనిపిస్తుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే ఏ టైరు వెయ్యాలో, దానితోపాటు ఇంకేం మార్చాలో తెలియాలంటే ఈ లారీ పుట్టుకలోకి వెళ్లాలి. దీనికంటే ముందు పుట్టిన దాయాది బండి ఒకటి అసలు జవాబు అప్పుడే చెప్పేసింది. ఆ జవాబును ఈ లారీ అందిపుచ్చుకోలేదు.

ఆ దాయాది పేరు డక్. నేల మీదా నీళ్లలోనూ నడిచే ఈ బండిని 1942లో జీఎంసీ కంపెనీ రెండున్నర టన్నుల సైనిక లారీ చట్రం ఆధారంగా తయారు చేసింది. ఓడల నుంచి సరుకు దించుకుని అలల మీదుగా ఒడ్డుకు చేర్చడం దాని పని. చిక్కల్లా ఒడ్డు దగ్గరే. నీళ్లలో హాయిగా ఈదుకుంటూ వచ్చిన బండి మెత్తటి ఇసుక తగలగానే దిగబడిపోయేది. టైర్లలో గాలి తగ్గిస్తే ఇసుకలో సాఫీగా నడుస్తుంది, కానీ అదే గాలితో రోడ్డెక్కితే టైర్లు పాడవుతాయి. శత్రువు కాల్పుల మధ్య డ్రైవరు దిగి ఆరు చక్రాలకూ పంపు పెడుతూ కూర్చోలేడు. అందుకని ఫ్రాంక్ స్పీర్ అనే ఇంజనీరు నడుస్తున్న బండిలో సీటు మీద నుంచే గాలి పెంచే, తగ్గించే ఏర్పాటు చేశాడు. గట్టి రోడ్డు మీద 40 పీఎస్‌ఐ, మెత్తటి ఇసుకలో 10 వరకూ. ఒక వాల్వు తిప్పితే చాలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోగా ఇలాంటి బండ్లు 21,000కు పైగా తయారయ్యాయి.

యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం కొత్త రెండున్నర టన్నుల లారీ కావాలంది. రియో కంపెనీ తయారు చేసి ఇచ్చింది. 1950ల మొదట్లో రెండు రూపాలు వచ్చాయి. ఎం34కు ఆరే చక్రాలు, ఒక్కొక్కటీ 11.00-20 సైజు పెద్ద టైరు. ఎం35కు పది చిన్న టైర్లు. ఇప్పుడు పెద్ద టైర్లు వేద్దామని ఉబలాటపడే యజమానులు తెలిసో తెలియకో ఆ ఎం34 దగ్గరికే తిరిగి వెళ్తున్నారు. సైన్యంలో నిలిచింది మాత్రం ఎం35. దానికీ కారణం ఉంది. జంట టైర్లు రోడ్డు మీద ఎక్కువ బరువు మోస్తాయి. అడవి దారిలో రెండున్నర టన్నులు మోసే లారీయే మంచి రోడ్డు మీద ఐదు టన్నులు లాగుతుంది. జంటలో ఒకటి పంక్చరైనా రెండోది కాసేపు ఆదుకుంటుంది. లెక్క సరైనదే, రోడ్డు ఉన్నంతవరకూ.

రోడ్డు వదిలాక జంట టైర్లు తిప్పలు పెడతాయి. ముందు చక్రం ఒక్కటే వెళ్లిన గాడిలో వెనక జంట ఇమడదు. అది కొత్త మట్టిని దున్నుకుంటూ పోవాలి, ఆ దున్నడానికీ ఇంజన్ బలమే ఖర్చు. రెండు టైర్ల సందులో రాయి ఇరుక్కుంటే పక్క గోడలను కోసేస్తుంది. బురద ఆ సందులోకి చేరి గట్టిపడుతుంది.

ఇదే తప్పు సోవియట్ వాళ్లూ చేశారు, కానీ త్వరగా దిద్దుకున్నారు. 1948లో వచ్చిన వాళ్ల జిస్-151 లారీకి వెనక జంట టైర్లే. బురదలో అది ఇబ్బంది పెట్టింది. యుద్ధకాలంలో సహాయంగా అందిన డక్ బండ్లను వాళ్లు శ్రద్ధగా పరిశీలించారు, వాటిని చూసి సొంత ఉభయచర బండి చేసుకున్నారు. 1958లో జిల్-157 వచ్చేసరికి జంటలు పోయి ఆరు పెద్ద టైర్లు, క్యాబిన్‌లోంచే గాలి సర్దుకునే ఏర్పాటు వచ్చేశాయి. అమెరికాలో పుట్టిన ఆలోచన ఇల్లు వదిలి పొరుగింట్లో స్థిరపడింది. ఎం35 మాత్రం దశాబ్దాలపాటు అది లేకుండానే తిరిగింది. అసలు విచిత్రం ఏమిటంటే బ్రేకులకు సాయంగా దాని మీద మొదటి నుంచీ ఎయిర్ కంప్రెసరూ ట్యాంకులూ ఉన్నాయి. గాలి ఉంది. తిరిగే హబ్ గుండా ఆ గాలి టైరులోకి వెళ్లే దారి ఒక్కటే లేదు.

గాలి తగ్గిస్తే ఏం జరుగుతుందో కొంచెం లెక్క వేసి చూద్దాం. ఖాళీ ఎం35 బరువు సుమారు 6,000 కిలోలు. జంటలు తీసేసి ఆరు టైర్లే ఉంచితే, బరువు సమంగా పడిందనుకుంటే, ఒక్కో టైరు మీద వెయ్యి కిలోలు. టైరు నేలను నొక్కే ఒత్తిడి దాదాపు దాని లోపలి గాలి ఒత్తిడికి సమానం. పక్క గోడల బిరుసు వల్ల కొంత తేడా వస్తుంది, దాన్ని ఇక్కడ వదిలేద్దాం. 50 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు మూడున్నర కిలోలు. వెయ్యి కిలోలు మోయడానికి 285 చదరపు సెంటీమీటర్లు నేలను తాకితే చాలు. అది ఒక ఏ4 కాగితంలో సగం కూడా కాదు. గాలిని 15కు దించితే తాకే మేర 950 చదరపు సెంటీమీటర్లకు చేరుతుంది, కాగితం ఒకటిన్నర. అదే లారీ, అదే బరువు, అదే రబ్బరు. నేల మీద పడే ఒత్తిడి మూడో వంతుకు తగ్గింది.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తట్టదు. గాలి తీసినప్పుడు టైరు పక్కలకు ఉబ్బినట్టు కనిపిస్తుంది గాని, నేలను తాకే మేర ఎక్కువగా పెరిగేది పొడవులోనే. ఆ పొడవే పని చేస్తుంది. వెడల్పాటి టైరు తన ముందు మట్టిని గోడలా తోసుకుంటూ పోవాలి. పొడవాటి పాదం అంత మట్టిని తోయకుండానే ఎక్కువ నేలను పట్టుకుంటుంది. నేలకూ చక్రానికీ ఉన్న ఈ సంబంధాన్ని శాస్త్రంగా నిలబెట్టినవాడు పోలండులో పుట్టిన మిచెస్వావ్ బెకర్. ఆయన 1956లో రాసిన పుస్తకం ఈ రంగానికి పునాది. చంద్రుడి మీద 1971లో నడిచిన రోవర్ రూపకల్పనలోనూ ఆయన పాత్ర ఉంది. ఆ రోవర్ చక్రాల్లో గాలి లేదు, అల్లిన తీగల వల ఉంది. గాలి తగ్గించిన టైరులాగే అదీ నేల ఒంపుకు తగ్గట్టు అణిగి, తాకే మేర పెంచుకుంటుంది.

మరి ఏ టైరు? ముందుగా ఎం35తో వచ్చే సైనిక టైరు సంగతి. దాని గట్లు అడ్డంగా, వెడల్పుగా, రెండు దిశల్లోనూ ఒకేలా ఉంటాయి. ముందుకు ఎంత పట్టో వెనక్కీ అంతే. ఏ టైరు ఎటు బిగించాలన్న ప్రశ్న లేదు, సైన్యానికి అది పెద్ద సౌకర్యం. కానీ జిగురు బురదలో ఆ గట్ల మధ్య మట్టి చేరిందంటే ఊడిరాదు. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు నున్నగా తయారవుతుంది. తడిసిన తారు రోడ్డు మీదా దాన్ని నమ్మలేం. ట్రాక్టరు టైర్లు వేసుకునేవాళ్లున్నారు. వాటి ఏటవాలు గట్లు బురదను బాగా విదిలిస్తాయి. రోడ్డు మీద మాత్రం అదురు భరించలేం, త్వరగా అరిగిపోతాయి కూడా. ఇసుకలో తిరిగేవారికి ఎత్తైన గట్లు మేలు చేయవు. అవి ఇసుకను తవ్వి చక్రాన్ని పాతేస్తాయి. అక్కడ తక్కువ గట్లు, మెత్తటి పక్కలు ఉన్న టైరు కావాలి. బురదలోనూ రెండు రకాలున్నాయి. జానెడు లోతున గట్టి నేల ఉంటే సన్న టైరే పైబురదను కోసుకుని దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. అడుగు తెలియని ఊబి నేల అయితే తేలాలి, అంటే పెద్ద టైరు, తక్కువ గాలి. మిసిసిపీ రాష్ట్రం విక్స్‌బర్గ్‌లో అమెరికా సైన్యపు ఇంజనీర్లు శంకువు మొన ఉన్న కడ్డీని నేలలోకి దించి, అది ఎంత బలానికి దిగుతుందో కొలిచి, ఏ బండి ఎక్కడ దిగబడుతుందో చెప్పే పద్ధతి తయారు చేశారు. మామూలు యజమాని ఇనుప చువ్వ గుచ్చి చూసుకున్నా పైపొర కింద గట్టి నేల ఉందో లేదో తెలిసిపోతుంది.

తిరిగే నేల ఒక్కటే రకం కాకపోతే, నా మాట రేడియల్ టైరు. మిష్లాన్ సంస్థ 1946లో పేటెంటు తీసుకున్న ఈ నిర్మాణంలో పక్క గోడ ఒకటీ, నేలను తాకే పట్టీ ఒకటీ దాదాపు వేర్వేరుగా పనిచేస్తాయి. గాలి తీస్తే పక్కలు వంగుతాయి, పట్టీ చదునుగానే ఉంటుంది, వేడి తక్కువ పుడుతుంది. పాత పద్ధతి టైరులో దారాల పొరలు ఒకదానికొకటి అడ్డంగా అల్లుకుని ఉంటాయి గనుక గాలి తగ్గగానే మొత్తం మెలికలు పడుతుంది. పదునైన రాళ్లలో మాత్రం రేడియల్ పక్క గోడ త్వరగా తెగుతుంది, అది ఒప్పుకోవాలి.

ఎం35 యజమానులు ఎక్కువగా ఎంచుకునేది సైన్యపు కొత్త లారీల నుంచి వచ్చే 395/85ఆర్20 రేడియల్. దాని ఎత్తు 1,180 మిల్లీమీటర్లు. పాత టైరు సుమారు 1,020. తేడాలో సగం, అంటే 8 సెంటీమీటర్లు, ఇరుసు నేల నుంచి పైకి లేస్తుంది. ఇంజన్ అదే వేగంతో తిరుగుతున్నా లారీ 15 శాతం పైచిలుకు వేగంగా పోతుంది. స్పీడోమీటరు 50 చూపిస్తే అసలు వేగం 58. రోడ్డు మీద ఇది వరమే, ఎందుకంటే నిమిషానికి 2,600 చుట్లు దాటనివ్వకూడని ఇంజన్ అది. కానీ అదే లెక్క తిరగేస్తే చక్రం నేలను లాగే బలం సుమారు 14 శాతం తగ్గింది. నిటారు గుట్ట ఎక్కేటప్పుడు ఆ లోటు తెలుస్తుంది. బండి బరువంతా 8 సెంటీమీటర్లు పైకి పోయింది గనుక పక్కవాలు దారిలో ఒరిగే భయం పెరుగుతుంది. స్టీరింగుకు పవర్ సాయం లేని లారీ ఇది. పెద్ద టైర్లతో నిలబడ్డ చోట తిప్పడం చేతుల వల్ల కాదు, హైడ్రాలిక్ సాయం అమర్చుకోవాలి.

బ్రేకుల విషయంలో నేను అసలు మెత్తబడను. ఎం35 తర్వాతి రూపమైన ఎం35ఏ2లో బ్రేకు పెడల్ నుంచి చక్రాల దాకా ఒకే ఒక్క ద్రవ మార్గం. ఎక్కడో ఒక పైపు పగిలితే ఆరు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. పెద్ద టైరును ఆపడానికి బ్రేకు 15 శాతం ఎక్కువ బలం పెట్టాలి, ఉన్న బ్రేకులు మాత్రం పాతవే. కాబట్టి టైర్లకు దాచుకున్న డబ్బులో మొదటి వాటా, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ వేర్వేరు మార్గాలుండే మాస్టర్ సిలిండరుకే పోవాలి. ఇరవై ఏళ్ల రబ్బరు గొట్టాలను మార్చకుండా కొత్త టైర్ల ఫొటోలు తీసుకోవడం నాకు అర్థం కాని సంబరం.

చక్రం విప్పే దగ్గరా జాగ్రత్త ఉంది. ఎడమవైపు నట్లకు మరలు తిరగబడి ఉంటాయి. అలవాటుగా విప్పబోతే ఇంకా బిగుసుకుని బోల్టు తెగుతుంది. పాత రిమ్ములకు టైరును పట్టి ఉంచేది ఒక ఇనుప రింగు. తుప్పు పట్టిన రింగు, వేరే రిమ్ముది తెచ్చి తగిలించిన రింగు, గాలి కొడుతుండగా ఎగిరిందంటే మనిషి బతకడం కష్టం. మన హైవే పక్కన లారీ టైర్లు చూసే ఏ కుర్రాణ్ని అడిగినా చెబుతాడు. ఇనుప పంజరంలో పెట్టి, దూరం నుంచే గాలి కొట్టాలి. రెండు ముక్కలుగా బోల్టులతో బిగించే సైనిక రిమ్ములు దొరికితే అవే మేలు. తక్కువ గాలితో టైరు రిమ్ము మీద జారకుండా పట్టి ఉంచే లోపలి కట్టు కూడా వాటికి వేసుకోవచ్చు.

సైన్యపు మిగులు టైర్లు కొనేటప్పుడు గట్ల ఎత్తు చూసి మురిసిపోకూడదు. పక్క గోడ మీద తయారీ తేదీ చూడాలి. 0814 అని ఉంటే 2014లో ఎనిమిదో వారం. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది, ఎంత కొత్తగా మెరిసినా పక్కన పెట్టేయాలి. ఎండా, ఓజోనూ రబ్బరును బిరుసెక్కిస్తాయి. గట్టు మొదట్లో వేలిగోరు దిగేంత పగులు కనిపిస్తే బేరం అక్కడే ఆపాలి.

చివరికి అమెరికా సైన్యం కూడా దారికొచ్చింది. 1980ల చివర ఐదు టన్నుల లారీలకు, 1990లలో ఎం35ఏ3 పేరుతో పునర్నిర్మించిన ఈ లారీలకు ఒంటి రేడియల్ టైర్లూ, క్యాబిన్‌లోంచి గాలి సర్దే ఏర్పాటూ వచ్చాయి. డక్ సైనికులకు తెలిసిన పని ఎం35 సైనికుల చేతికి రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఏ2 కొనుక్కున్నవారికి అంత ఖర్చు అక్కర్లేదు. లారీ ఎయిర్ ట్యాంకుకు తగిలించే పొడవాటి గొట్టం, నమ్మకమైన గేజీ ఉంటే చాలు. అడవి మొదట్లో గాలి తీయడానికి కొద్ది నిమిషాలు. తిరిగి రోడ్డెక్కేముందు ఆరు టైర్లూ నింపడానికి అంతకు ఎన్నో రెట్ల సమయం. ఆ విసుగుకు లొంగి 15 పీఎస్‌ఐతో హైవే ఎక్కితే పక్క గోడలు కాలి టైరు చీలిపోతుంది.

రోడ్డు మీద ఎంత గాలి ఉండాలన్నది కూడా పుస్తకంలో అంకె చూసి పెట్టేది కాదు, ఎందుకంటే ఆ అంకె పాత పది టైర్లది. లారీని వేబ్రిడ్జి మీద ఇరుసు వారీగా తూయించాలి. ముందు ఇరుసు మీద ఇంజన్ బరువుంటుంది, ఖాళీ లారీలో వెనకవి తేలిక. ఆ బరువుకు తయారీదారు పట్టికలో ఉన్న ఒత్తిడితో మొదలుపెట్టి, టైరు మీద అడ్డంగా సుద్దగీత గీసి, చదునైన రోడ్డు మీద కొంచెం దూరం తోలి చూడాలి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. గీత అంతటా సమంగా చెరిగిన అంకెను ముందు ఇరుసుకు ఒకటి, వెనక ఇరుసులకు ఒకటి చొప్పున డాష్‌బోర్డు మీద రాసి పెట్టుకోవాలి.