పాత ఇంజనుకు ఏ క్యామ్‌షాఫ్టు తగును?

నారాయణఖేడ్‌లో 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనుగల పాత అంబాసడరును విప్పి బాగుచేయించువారికి పందెపు క్యామ్‌షాఫ్టుపై ఆశ కలుగుట సహజము. వాల్వులను తెరచునది ఈ ఇరుసే. క్రాంకుషాఫ్టు రెండుమార్లు తిరిగిన ఇది ఒక్కమారు తిరుగును.

పందెపు క్యాము వాల్వులను హెచ్చుసేపు తెరచియుంచును. పిస్టను అడుగు చేరి పైకి మరలిన పిదప కూడ లోనికి విడుచు వాల్వు చాలసేపు మూతపడదు. ఇంజను వడిగా తిరుగునపుడు, పరుగున వచ్చు పెట్రోలు-గాలి మిశ్రమము జడత్వముచేత ఇంకను లోనికి చొరబడును, శక్తి పెరుగును. నెమ్మదిగా తిరుగునపుడో, అదే మిశ్రమమును పిస్టను వెనుకకు నెట్టివేయును. నలుగురిని ఎక్కించుకొని మట్టిబాటపై మెల్లగా సాగవలసిన బండికి ఇది డబ్బుపోసి లాగుడును పోగొట్టుకొనుటే! అమెరికా మజిల్ కార్ల పెద్ద ఇంజనులు ఈ నష్టమునకు ఓర్చును. దీనికి తొలి కొలతల క్యామే మేలు.

కొత్త క్యాము క్రింద పాత టాపెట్లను మాత్రము వాడరాదు. వెనుకటిదానితో అరిగిన వాని ముఖములు కొత్తదానిని త్వరలో పాడుచేయును.