హెపటైటిస్ ‘సి’ ఎవరిలో ఎక్కువ?

“మా ఆయనకు ఏ చెడు అలవాటూ లేదు, ఇది ఎలా వచ్చిందమ్మా?” డయాలసిస్ రోగుల ఇంటివారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. హెపటైటిస్ ‘సి’ కాలేయాన్ని పాడుచేసే వైరస్. ఇది రక్తం ద్వారా వ్యాపిస్తుంది. కనుక ఎవరికి సూదులు, రక్తం ఎక్కించడం వంటివి ఎక్కువసార్లు అవసరమయ్యాయో వారిలో ఇది ఎక్కువగా కనబడుతుంది.

మన దేశంలో మామూలు జనంలో వెయ్యి మందిని పరీక్షిస్తే సుమారు ముగ్గురిలో దీని యాంటీబాడీలు ఉంటాయి. డయాలసిస్ రోగులలో ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. వారి రక్తం వారానికి రెండు మూడుసార్లు యంత్రం గుండా వెళ్ళి రావాలి. ఒక రోగి నుండి మరో రోగి దగ్గరకు వెళ్ళేటప్పుడు గ్లౌజులు మార్చకపోయినా, ఒకే హెపారిన్ సీసా అందరికీ వాడినా వైరస్ పాకుతుంది. మీ నర్సు గ్లౌజులు మార్చిందో లేదో మీరు అడగవచ్చు, ఆమె ఏమీ అనుకోకూడదు.

తరచుగా రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లలు మరొక వర్గం. ఈ వైరస్‌ను 1989లో కనుగొన్నారు. మన బ్లడ్ బ్యాంకులలో దీని పరీక్ష 2001లో గాని తప్పనిసరి కాలేదు. అంతకు ముందు కాన్పులోనో, ఆపరేషన్‌లోనో రక్తం ఎక్కించుకున్న పెద్దలు ఒక్కసారి పరీక్ష చేయించుకోవాలి. ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ ఉండదు.

మత్తుమందు సూదులు పంచుకునేవారిలో ఇది చాలా ఎక్కువ. అంతమాత్రాన ఈ జబ్బు ఉన్నవారందరినీ అనుమానంగా చూడకండి. ఈజిప్టులో 1950ల నుండి 1980ల వరకు ప్రభుత్వమే నత్తల ద్వారా వచ్చే ఒక పరాన్నజీవి వ్యాధికి ఊరూరా ఇంజక్షన్లు వేయించింది. సరిగా శుద్ధిచేయని సిరంజీల వలన లక్షల మంది రైతు కుటుంబాలకు ఈ వైరస్ సోకింది. మన ఊళ్ళలోనూ సూది పడితే గాని జ్వరం తగ్గదనుకునేవారున్నారు. మాత్రతో తగ్గేదానికి సూది అడగకండి.

కలిసి తింటే, ముట్టుకుంటే ఇది రాదు. కంచం వేరు చేయనక్కరలేదు, రేజరు, టూత్‌బ్రష్ వేరుగా ఉంచండి చాలు. టీకా లేదు గాని మందు ఉంది. సాధారణంగా 12 వారాలు మాత్రలు వాడితే నూటికి 95 మందికి నయమవుతుంది. డయాలసిస్‌లో ఉన్నవారికి కూడా ఇవ్వవచ్చు. 2018 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం క్రింద ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం.

యాంటీబాడీ పాజిటివ్ వస్తే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష తప్పక చేయించండి. కొందరిలో వైరస్ తనంతట తానే పోతుంది. నయమైన తరువాత కూడా యాంటీబాడీ పాజిటివ్‌గానే ఉంటుంది కనుక, నెగటివ్ వచ్చిన ఆర్‌ఎన్‌ఏ రిపోర్టును మీ ఫైలులో భద్రపరచుకొని, ఎక్కడ చికిత్సకు వెళ్ళినా ముందుగా చూపించండి.