షాంపూ వలన గలుగు చర్మబాధ

విద్యార్థులారా, గడచిన సంవత్సరము మా తరగతిలో నొక బాలికకు కనురెప్పలమీదను, చెవుల వెనుకను, మెడమీదను ఎఱ్ఱని పొక్కులు లేచి మిక్కిలి దురద పుట్టెను. తోడి బాలికలు గజ్జియని భయపడిరి. నేనును విచారింపక యామెను వేఱు బల్లపై గూర్చుండబెట్టితిని. చర్మవైద్యులు పరీక్షించి, యిది అంటువ్యాధి కాదనియు, ఆమె వాడు షాంపూలోని యొక పదార్థమే కారణమనియు దెలిపిరి. అట్టి తప్పు మఱియొకరు చేయకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

షాంపూలు, ముఖము కడుగు ద్రవములు చర్మమునకు రెండు విధముల బాధ కలిగించును. మొదటిది మంట. మురికిని బోగొట్టు పదార్థము చర్మమునందలి జిడ్డును గూడ హరించుటచే నిది యెవరికైనను గలుగవచ్చును. రెండవది ఎలర్జీ. ఇది కొందఱికే కలుగును. సూక్ష్మమైన రసాయన పదార్థము చర్మములో జొచ్చి యచ్చటి మాంసకృత్తులతో గలియగా, శరీర రక్షక కణములు దానిని శత్రువుగా నెంచి గుర్తుంచుకొనును. ఇందులకు సుమారు 10 మొదలు 14 దినములు పట్టును. పిమ్మట నది మరల దగిలినచో 1 మొదలు 3 దినములలో దద్దురు లేచును. ఏండ్ల తరబడి వాడిన వస్తువునకును ఎలర్జీ క్రొత్తగా గలుగవచ్చును. కావున “ఎప్పుడును వాడునదే కదా” యను మాట చెల్లదు.

మఱి తలకు రాచినది మెడకేల బాధ కలిగించెను? తలచర్మము మందము, కనురెప్పలు, మెడ పలుచన. జాఱిన నురుగు అచ్చటనే బాధించును.

ఇట్టి పదార్థములలో ముఖ్యమైనవి సువాసన ద్రవ్యములు, నురుగునిచ్చు కోకమిడోప్రొపైల్ బీటైన్, సరకు చెడకుండ గాపాడు మిథైల్ ఐసోథయాజొలినోన్. మా బాలికను బాధించినది ఈ కడపటిదే. యూరోపియన్ యూనియన్ వారు 2016లో దీనిని పూసి యుంచుకొను లేపనములందు నిషేధించిరి. కడిగివేయు వానియందు పది లక్షల పాళ్లలో 15 పాళ్లకు మించరాదని 2017లో శాసించిరి.

కారణమును గనుగొనుటకు వైద్యులు అనుమానింపబడిన పదార్థములను కొంచెము కొంచెముగా వీపుపై నంటించి, 2 దినములకు దీసి చూచి, మరల నొకటి రెండు దినములకు జూతురు. ఈ పద్ధతిని 1895లో యాడాస్సోన్ అను జర్మను వైద్యుడు ప్రకటించెను.

చెట్టునుండి వచ్చినదెల్ల నిరపాయమని తలంపరాదు. లావెండరు తైలమును ఎలర్జీ కలిగించును. మన కుంకుడురసమును కన్నుల మండించును. సీసాపై పేరు మార్చినంత మాత్రమున లాభము లేదు. వెనుకనున్న పట్టికలో ఆ పదార్థము లేనిదానిని వెదకి కొనవలెను.

మా బాలిక యట్లే చేసెను. కొన్ని వారములలో చర్మము స్వస్థపడెను. ఆమె తన బల్లకు దిరిగి వచ్చినది. నేను తరగతి యెదుట నామెను క్షమాపణ వేడుకొంటిని.