బావా బావమరుదుల కుస్తీ... ఓ పాత క్యాసెట్టు!

నందిగామలో మా ఇంట్లో టీవీ ఉండేది, వీసీఆర్ లేదు. జగ్గయ్యపేటలో మా మావయ్యగారింట్లో రెండూ ఉండేవి. అందుకే సెలవులొస్తే చాలు... ఆర్టీసీ బస్సెక్కి చిల్లకల్లు మీదుగా పేటకు పరుగు! అప్పట్లో రెండూ కృష్ణా జిల్లా ఊళ్లు. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి.

మావయ్య కొడుకు, అంటే మా బావ, వీడియో షాపులో క్యాసెట్టు అద్దెకు తెచ్చి ఉంచేవాడు. పెద్దవాళ్ల సినిమా అయ్యాక మా వంతు. అదే డబ్ల్యూడబ్ల్యూఎఫ్! 2002లో పేరు మారి డబ్ల్యూడబ్ల్యూఈ అయింది. ఎత్తు, బరువు, ర్యాంకు ఉండే కుస్తీ కార్డులతో పగలంతా ఆడి, రాత్రికి ఆ వీరుల్నే తెరమీద చూసేవాళ్లం.

మాకు ప్రాణం 'సమ్మర్‌స్లామ్ 92'. బ్రిటన్ టీవీలదీ మన టీవీలదీ ఒకే పాల్ పద్ధతి. కాబట్టి అక్కడి క్యాసెట్లు మన వీసీఆర్లలో చక్కగా ఆడేవి. అమెరికావైతే బొమ్మ చెదిరిపోయేది. షాపు మూసేసేటప్పుడు బావ ఆ క్యాసెట్టు కొనేసుకున్నాడు.

మొన్న సంక్రాంతికి అటక దులుపుతుంటే అది బయటపడింది. మరి వీసీఆర్ ఏదీ? చివరిదాకా వాటిని తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. విజయవాడలో బూజు తుడిపించి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాం. పిల్లలతో కలిసి కూర్చున్నాం.

'నాన్నా, ఇదంతా ఉత్తుత్తి కుస్తీయేగా?' అన్నాడు మావాడు.

నిజమే! ఇది పోటీ కాదు, వినోదమేనని ఆ సంస్థే 1989లో న్యూజెర్సీ సెనేట్ ముందు ఒప్పుకుంది. ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు. ఆ సంగతి తెలిసిన రోజు నేనూ బావా రాత్రి అన్నం మానేశాం!

సుభద్ర ఎవరి పక్షం?

1992 ఆగస్టు 29. లండన్ వెంబ్లీ స్టేడియం. ఎనభై వేలమందికి పైగా వచ్చారని సంస్థ ప్రకటించింది. చివరి పోరు కెనడా వీరుడు బ్రెట్ హార్ట్‌కీ, ఇంగ్లాండు బిడ్డ 'బ్రిటిష్ బుల్‌డాగ్' డేవీ బాయ్ స్మిత్‌కీ. స్మిత్ భార్య డయానా... బ్రెట్‌కి సొంత చెల్లెలు! రింగు పక్కన కూర్చున్న ఆమె అన్న పక్షమా, భర్త పక్షమా?

'ఒరే, ఇది గయోపాఖ్యానం రా!' అన్నాడు ఆనాడు మా తాతయ్య. చిలకమర్తివారి నాటకంలో కృష్ణార్జునులు తలపడితే మధ్యలో నలిగిపోయేది సుభద్రే కదా! 1963లో ఎన్టీఆర్, ఏఎన్నార్‌లు 'శ్రీకృష్ణార్జున యుద్ధం'లో కొట్టుకున్నదీ ఆ కథలోనే. బావా బావమరుదులు చివరికి కలిసిపోతారని ఊరందరికీ తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుని చూడలేదూ?

చెవిలో చెప్పిన మాట

ఈ పోరు అసలు రహస్యం 2007లో బయటికొచ్చింది. రింగులోకి దిగిన కాసేపటికే స్మిత్ అనుకున్నవన్నీ మర్చిపోయాడనీ, ఎప్పుడేం చేయాలో తనే చెవిలో చెబుతూ నడిపించాననీ బ్రెట్ తన ఆత్మకథలో రాశాడు. అదీ ఓ పది నిమిషాలు కాదు... పాతిక నిమిషాలు! చివర్లో స్మిత్ బ్రెట్‌ని నేలకు అదిమిపట్టి గెలిచాడు. ఆ తర్వాత ముగ్గురూ కౌగిలించుకున్నారు.

ఈసారి చూస్తుంటే కథే మారిపోయింది. అప్పుడు మెడ నొక్కుతున్నాయనుకున్న చేతులు ఇప్పుడు కాపాడుతున్నట్టు కనిపించాయి. ఓడినవాడే గెలిచినవాణ్ని ఒడ్డున పడేశాడు!

ఫలితం ముందే రాసుకున్నదే కానీ, దెబ్బలు మాత్రం ఉత్తుత్తివి కావు. 1999లో తలకు తగిలిన తన్నుతో బ్రెట్ పూర్తిస్థాయి కుస్తీకి దూరమయ్యాడు. 2002లో పక్షవాతం కూడా వచ్చింది. అదే ఏడాది మే 18న స్మిత్ గుండెపోటుతో పోయాడు. అప్పటికి ముప్ఫైతొమ్మిదేళ్లే.

దెబ్బల రుచి మాకూ తెలుసు. ఓ వేసవిలో నేను బుల్‌డాగ్, బావ బ్రెట్. మంచం మీంచి నేను దూకితే బావ చెయ్యి విరిగింది. 'మెట్ల మీంచి పడ్డాను' అని చెప్పాడు మావయ్యతో. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా పేరు బయటపెట్టలేదు. ఆ సాయంత్రం ఆ సంగతి నేనే పిల్లలకు చెప్పాను. ఇప్పటికీ పూర్తిగా చాపలేని ఆ మోచేతిని చూపించి 'చూడటమేరా... దూకడాలు లేవు' అన్నాడు బావ.

ఉత్తుత్తిదన్న మావాడు కాసేపు బావ చేతికేసి చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు...

'నాన్నా, ఆ చెవిలో చెప్పింది ఎక్కడ? ఇంకోసారి వెనక్కి జరుపు!'